లక్క మొదలు ప్లాస్టిక్ వరకు



సికింద్రాబాదు నుండి కరీంనగరము పోయే రహదారి మీద, ఇంచుమించు పాతిక కిలోమీటర్ల దూరములో శామీర్‌పేట చెరువు ఉన్నది. నిజాము ప్రభువుల కాలములో, పంతొమ్మిదవ శతాబ్ది ముగియబోయే రోజులలో కట్టిన చెరువు అది. వానలు కురిసి నిండిన యేడు ఆ కట్ట మీద నిలబడితే, పట్టణపు రొద మరచిపోయి మనస్సు చల్లబడుతుంది. అందుచేతనే సెలవు దినాలలో నగరవాసులు పిల్లాపాపలతో అక్కడికి పోతూ ఉంటారు. గత సంవత్సరము మేమును పోయాము.

కట్ట ప్రక్కన బొగ్గుల మీద మక్క కంకులు కాల్చి అమ్ముకునే ఒక ముసలమ్మ ఉన్నది. మేము కొన్న కంకులను ఆమె ఆకులోనే చుట్టి ఇచ్చినది. "ఏమమ్మా, కవరు లేదా?" అని నేను అడిగాను. ఆమె నా వంక ఒకసారి చూచి, "కవర్ల జోలికి పోను సారూ. నా బర్రెను మింగింది ఆ కవర్లే" అన్నది.

ఆమె చెప్పిన సంగతి ఇది. ఆమెకు ఒక పాడి గేదె ఉండేది. పూటకు నాలుగు లీటర్ల పాలు ఇచ్చేది. ఆ గేదె కొన్నాళ్ళ పాటు మేత ముట్టక, నెమరు వేయక, కడుపు ఉబ్బి పడిపోయినది. పశువైద్యుడు వచ్చేసరికి ప్రాణము పోయినది. కోసి చూస్తే దాని పొట్టలో గడ్డి కంటె ప్లాస్టిక్ సంచులే ఎక్కువగా ఉన్నవట. పెనవేసుకొని, తాడు పేనినట్లు ముద్దగా ఉన్నవట. "అది మేసింది మా ఊరి గడ్డి కాదు సారూ, మీ పట్నపోళ్ళు పారేసిన కవర్లు" అన్నది ఆ తల్లి. ఆ మాటలో నింద ఎంత ఉన్నదో, నిజమూ అంతే ఉన్నది. ఎందుకంటే ఆ సమయములో మా కారులో నాలుగు ప్లాస్టిక్ సంచులు ఉన్నవి. ఒక దానిలో పెరుగన్నము, ఒక దానిలో అరటిపండ్లు, మిగిలినవి చెత్త వేయుటకు.

ఈ ప్లాస్టిక్ ఎక్కడ నుండి వచ్చినది? ఎందుకు వచ్చినది? ఇక ఎక్కడికి పోనున్నది? ఆ ముసలమ్మ మాటకు సమాధానము వెదుకుకొంటూ నేను తెలుసుకొన్న విషయాలను ఈ పూట మీతో పంచుకోదలచినాను.

ప్లాస్టిక్ అంటే అచ్చులో పోసి కావలసిన రూపము ఇచ్చుటకు వీలైన పదార్థము. ఈ అర్థములో చూస్తే మన దేశములో ప్లాస్టిక్ నిన్న మొన్నటిది కాదు. మన లక్క ఒక సహజమైన ప్లాస్టిక్. మోదుగు, రేగు మొదలైన చెట్ల లేత కొమ్మలను పట్టుకొని, రసము పీల్చి బ్రతికే చిన్న పురుగులు తమ ఒంటి చుట్టూ కట్టుకొనే గూడు లక్క. ఆ కొమ్మలను విరిచి, గూడును గీకి, కరిగించి వడబోస్తే మనకు లక్క లభిస్తుంది. వేడి చేస్తే మెత్తబడుతుంది, చల్లారితే గట్టిపడుతుంది. మహాభారతములో దుర్యోధనుడు పాండవుల కొరకు లక్క యిల్లు కట్టించిన కథ తెలుగునాట పసిపిల్లలకు కూడ తెలుసు. హైదరాబాదు లాడ్ బజారులో లక్క గాజులు చేసే పనివారు నేటికీ ఉన్నారు. ఆ గాజులకు 2024 లో భౌగోళిక గుర్తింపు లభించినది. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె పట్టి, లక్క రంగులద్ది బొమ్మలు చేస్తారు. వాటికి ఆ గుర్తింపు 2017 లోనే వచ్చినది.

ఇక్కడ మోదుగు చెట్టును గూర్చి ఒక్క మాట చెప్పాలి. ఈ చెట్టు కొమ్మ లక్క ఇచ్చినది, ఆకు విస్తరి ఇచ్చినది. తెలంగాణములో పెండ్లి అయినా, పండుగ అయినా, మోదుగాకులను పుల్లలతో కుట్టిన విస్తళ్ళలోనే వడ్డన జరిగేది. భోజనము అయిన తరువాత విస్తరిని పెంటకుప్ప మీద వేస్తే పశువు మేసేది, లేదా మట్టిలో కలిసిపోయేది. అచ్చుపోసే పదార్థమును, అన్నము తినే పళ్ళెమును కూడ ఒకే చెట్టు ఇచ్చినది. తరువాత వచ్చిన ప్లాస్టిక్ ఈ రెండు స్థానాలను ఆక్రమించుకొన్నది.

ఆక్రమణ మొదలయినది కూడ లక్క వలననే అంటే మీరు ఆశ్చర్యపడవచ్చును. పంతొమ్మిదవ శతాబ్ది చివర ప్రపంచములో విద్యుత్తు వ్యాపించినది. తీగెలకు, యంత్రాలకు విద్యుత్తు చొరని పూత కావలసి వచ్చినది. లక్క ఆ పనికి వచ్చేది. లక్కలో అధిక భాగము హిందూదేశము నుండే ఎగుమతి అయ్యేది. కాని చెట్టు మీద పురుగు తన తీరికను బట్టి చేసే సరకు అది. గిరాకీ పెరిగిన కొలది పురుగును తొందరపెట్టలేము కదా! అమెరికాలో స్థిరపడిన బెల్జియము దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు లియో బేక్‌లండ్ లక్కకు బదులు పనికివచ్చే కృత్రిమ పదార్థము కొరకు వెదికినాడు. 1907 లో ఫినాల్‌ను, ఫార్మాల్డిహైడ్‌ను కలిపి, వేడిని, ఒత్తిడిని అదుపులో ఉంచి ఒక గట్టి పదార్థమును సాధించినాడు. తన పేరు మీదనే దానికి బేకలైట్ అని పేరు పెట్టినాడు. ప్రకృతిలోని ఏ వస్తువునూ మూలముగా తీసుకోకుండా, పూర్తిగా మనిషి కూర్చిన మొదటి ప్లాస్టిక్ ఇదే.

రేడియో శ్రోతలకు బేకలైట్ పరాయిది కాదు. పాత రేడియోలకు నల్లగా, గోధుమరంగుగా నిగనిగలాడే పెట్టెలు, గుండ్రని మీటలు ఉండేవి కదా, వాటిలో అనేకము బేకలైటువే. మా తాతగారి ఇంట్లో అటువంటి రేడియో ఒకటి ఉండేది. వార్తలు వచ్చే వేళకు ఆ మీట త్రిప్పే హక్కు ఆయనకు తప్ప ఇంకెవ్వరికీ లేదు. ఆ రోజుల గ్రామఫోను పళ్ళెములో పాట మాత్రము లక్క మీదనే ఉండేది. కలకత్తా దగ్గర డమ్ డమ్‌లో అచ్చుపోసిన రికార్డుల మీద తెలుగు నాటక పద్యాలను మన పెద్దలు విన్నారు. 1948 లో అమెరికాలో వినైలు రికార్డు వచ్చిన తరువాత క్రమముగా ఆ లక్క పళ్ళెము కూడ వెనుకబడినది.

బేకలైట్ కంటె ముందు సెల్యులాయిడ్ ఉన్నది. దాని కథ మరీ విచిత్రమైనది. బిలియర్డ్ ఆటకు వాడే బంతులను ఏనుగు దంతముతో చేసేవారు. ఆ ఆట పెరిగిన కొలది ఏనుగులు తరిగిపోయినవి. దంతమునకు మారుగా మరొక పదార్థము కనిపెట్టినవారికి పదివేల డాలర్లు ఇస్తామని 1860 ల దశకములో అమెరికాలో ఒక సంస్థ ప్రకటించినది. ఇంగ్లండులో అలెగ్జాండర్ పార్క్స్ 1862 లోనే ప్రత్తి నారలోని సెల్యులోజు నుండి ఒక పదార్థము చేసి లండను ప్రదర్శనములో ఉంచినాడు. అమెరికాలో జాన్ వెస్లీ హయట్ ఆ మార్గములోనే కర్పూరము చేర్చి 1870 ప్రాంతములో సెల్యులాయిడ్‌ను తయారు చేసినాడు. మొదటి తెలుగు టాకీ "భక్త ప్రహ్లాద" 1932 లో తెర మీదికి వచ్చినప్పుడు, అది నడిచినది ఈ జాతి ఫిలిము మీదనే. ఆ ఫిలిముకు నిప్పంటే మహా ప్రీతి. కాలము గడిస్తే తనంతట తానే చివికిపోతుంది. తొలినాటి మన చిత్రాలలో అనేకము నేడు దొరకకపోవుటకు ఇది ఒక కారణము.

ఇక్కడ మనము గమనించవలసిన విషయము ఒకటి ఉన్నది. ప్లాస్టిక్ లోకానికి శత్రువుగా రాలేదు. ఏనుగును కాపాడుటకు, లక్క పురుగు మీద భారము తగ్గించుటకు, సామాన్యునికి చౌకగా వస్తువు అందించుటకు వచ్చినది. మంచి కోరి పిలిచిన చుట్టమే అది. వెళ్ళే దారి చూపకుండా పిలిచినాము, అంతే.

ఈ పదార్థాల రహస్యమును మొదట గ్రహించినవాడు జర్మనీ దేశపు హెర్మన్ స్టాడింగర్. ఇవి ఎంతో పొడవైన బృహదణువులు అని ఆయన 1920 లో చెప్పినాడు. తోటి శాస్త్రజ్ఞులు చాలకాలము నమ్మలేదు. చివరకు 1953 లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చినది. మల్లెపూలు విడివిడిగా ఉంటే గుప్పెటలో నుండి జారిపోతవి. దారముతో గ్రుచ్చితే దండ అవుతుంది, మెడలో నిలుస్తుంది. ఎథిలీన్ ఒక వాయువు. దాని అణువులను వేల సంఖ్యలో ఒకదానికొకటి గ్రుచ్చితే గాలి వంటి ఆ వస్తువు పాలిథీన్ అనే ఘనపదార్థము అవుతుంది. దానితోనే మన సంచులు తయారవుతున్నవి.

ఈ పాలిథీన్ అనుకోకుండా దొరికినది. 1933 మార్చి నెలలో ఇంగ్లండులోని విన్నింగ్టన్‌లో, ఫాసెట్, గిబ్సన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు ఎథిలీన్ వాయువును గొప్ప ఒత్తిడికి గురిచేసినారు. వారు ఆశించినది మరొకటి. పాత్ర విప్పి చూస్తే అడుగున మైనము వంటి తెల్లని పదార్థము కొంచెము మిగిలినది. రెండవ ప్రపంచయుద్ధములో రాడారు తీగెలకు తొడుగుగా అది అక్కరకు వచ్చినది. 1953 లో జర్మనీలో కార్ల్ త్సీగ్లర్ అంత ఒత్తిడి లేకుండానే పాలిథీన్ తయారుచేసే ఉపాయము కనుగొన్నాడు. మరుసటి యేడు ఇటలీలో జూలియో నట్టా పాలిప్రొపిలీన్‌ను సాధించినాడు. వారిద్దరికీ 1963 లో నోబెల్ బహుమానము లభించినది. ముడి నూనె శుద్ధి చేసే కర్మాగారాలలో ఎథిలీన్, ప్రొపిలీన్ వాయువులు పుష్కలముగా లభ్యమైనవి. ఇక సరకుకు కొదవ లేదు. 1965 లో స్వీడన్ దేశములో స్టెన్ గుస్టాఫ్ థూలిన్ రూపొందించిన సంచికి పేటెంటు లభించినది. ఒకే గొట్టమువంటి పొరను మడిచి, అతికించి, పైన రెండు చెవులు కత్తిరించిన సంచి అది. నేడు కూరగాయల అంగడిలో మన వ్రేలికి తగిలించే కవరుకు అదే మూలపురుషుడు.

ప్లాస్టిక్‌లలో రెండు జాతులు ఉన్నవని కూడ మనము తెలుసుకోవాలి. ఒకటి నేతి వంటిది. కరిగిస్తే కరుగుతుంది, చల్లారితే పేరుకొంటుంది, ఎన్నిసార్లయినా అంతే. పాలిథీన్, నీళ్ళ సీసాలు, బకెట్లు ఈ జాతివి. రెండవది ఉడికించిన కోడిగ్రుడ్డు వంటిది. ఒకసారి గట్టిపడితే మరల ద్రవము కాదు. బేకలైట్ ఈ జాతిది. మొదటి జాతిని కరిగించి మరల వస్తువు చేయవచ్చును. కాని, నెయ్యి కరిగిన ప్రతిసారీ కొంత కమురు వాసన చేరినట్లు, కరిగించిన ప్రతిసారీ ఆ దండలోని దారము కొంత తెగుతుంది, నాణ్యము తగ్గుతుంది. పునర్వినియోగమునకు ఉన్న పరిమితి ఇదే.

మన దేశములో ఈ పరిశ్రమకు శిక్షణ ఇచ్చుటకు 1968 లో మద్రాసులో కేంద్ర ప్రభుత్వము ఒక సంస్థను నెలకొల్పినది. అదే సిపెట్. తరువాత హైదరాబాదు చెర్లపల్లిలో కూడ దానికి కేంద్రము ఏర్పడినది.

నా చిన్నతనములో, 1980 ల దశకములో, మా ఊరికి పాత బట్టలు తీసుకొని సామాను ఇచ్చే ఆమె వచ్చేది. మా అమ్మ నాలుగు పాత చీరలు ఇచ్చి ఒక ఎర్ర ప్లాస్టిక్ బకెట్ తీసుకొన్నది. ఇత్తడి బిందె మోసి మోసి నడుము నొప్పి పెట్టుకొన్న ఆమెకు ఆ బకెట్ ఒక వరముగా తోచినది. వీధిలోని ఆడవారు వచ్చి ఒక్కొక్కరు దానిని ఎత్తి చూచి, "ఎంత తేలికే!" అని మురిసిపోయినారు. ఆ మురిపెమును నేను నేడు వెక్కిరించలేను. నీళ్ళు మోయని మగవాడు బిందె బరువును గూర్చి ఉపన్యసించుట న్యాయము కాదు.

ప్లాస్టిక్ చేసిన మేలు ఇంకా ఉన్నది. ఆ రోజులలో ఊరి వైద్యుడు గాజు పిచికారీని మరుగునీళ్ళలో వేసి, దానితోనే అందరికీ సూదిమందు ఇచ్చేవాడు. నీళ్ళు సరిగా మరగని రోజున ఒకరి రోగము మరొకరికి అంటుకొనేది. ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్ పిచికారీ వచ్చి ఆ భయమును చాలవరకు తొలగించినది. రక్తమును గాజు సీసాలకు మారుగా మెత్తని సంచులలో నిలువచేయుట సాధ్యమయినది. నీరు కరవైన మెట్ట పొలాలలో సన్నని నల్ల గొట్టాలు మొక్క మొదటికే బొట్టు బొట్టుగా నీరు చేర్చినవి. 2003 లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన సూక్ష్మసేద్య పథకము ఈ గొట్టాల మీద ఆధారపడినదే.

శామీర్‌పేట ప్రాంతములోనే ఇందుకు సాక్ష్యము ఉన్నది. చెరువు దాటి కొంత దూరము పోతే తుర్కపల్లి పరిసరాలలో జినోమ్ వ్యాలీ కనిపిస్తుంది. అక్కడ తయారయిన టీకాలు దేశ విదేశాలకు పోతున్నవి. కరోనా మహమ్మారి కాలములో కోవాక్సిన్ టీకా పుట్టినది అక్కడే. ఆ ప్రయోగశాలలలో వాడే గొట్టాలు, పళ్ళెరాలు, తొడుగులు, చివరకు ఆ మందును మన భుజములోనికి ఎక్కించిన పిచికారీ, వీటిలో ఎన్నింటికో ప్లాస్టిక్ ఆధారము.

మేలు ఆ దిక్కున ఉన్నది. కీడు ఈ దిక్కున ఉన్నది. అదే శామీర్‌పేట మండలములో ఒకప్పుడు భాగమై, నేడు కాప్రా మండలములో ఉన్న జవహర్‌నగర్‌కు హైదరాబాదు నగరపు చెత్త చేరుతుంది. రోజుకు వేల టన్నుల చెత్త లారీలలో తరలిపోతుంది. సంవత్సరాల తరబడి అక్కడ పోసిన చెత్త కోటి టన్నులు దాటి, కొండయై నిలిచినది. వానకు ఆ కొండలో నుండి ఊరిన నల్లని నీరు భూగర్భ జలాలను, ప్రక్కనున్న మల్కారం చెరువును పాడుచేసినది. చుట్టుప్రక్కల కాలనీలవారు కంపును, పొగను భరించలేక మొరపెట్టుకొన్నారు, న్యాయస్థానాలకు పోయినారు. చివరకు ఆ పాత కొండను మట్టితో, కృత్రిమమైన పొరలతో కప్పినారు. ప్లాస్టిక్ చెత్తను దాచుటకు మరల ప్లాస్టిక్ జాతి పొరలే కావలసి వచ్చినవి! 2020 లో అక్కడ చెత్తను మండించి ఇంచుమించు 20 మెగావాట్ల విద్యుత్తు తీసే కర్మాగారము పనిచేయనారంభించినది.

ప్లాస్టిక్ అంటే ఘనీభవించిన నూనె వంటిది కాబట్టి మండుతుంది, వేడి ఇస్తుంది. అయితే పివిసి వంటి క్లోరిను గల ప్లాస్టిక్ మండితే విషవాయువులు పుడతవి. కర్మాగారములో గొప్ప వేడిమిని నిలిపి, పొగను వడబోసి ఆ విషమును అదుపులో ఉంచాలి. పెరటిలో చెత్త పోగుచేసి అగ్గిపుల్ల గీచేవారికి ఆ వడబోత లేదు. ఆ పొగ నేరుగా మన పిల్లల ఊపిరిలోనికే పోతుంది.

లోకము మొత్తము లెక్క చూస్తే గుండె బరువెక్కుతుంది. 1950 లో ప్రపంచము ఉత్పత్తి చేసిన ప్లాస్టిక్ ఇంచుమించు 20 లక్షల టన్నులు. నేడు యేటా 40 కోట్ల టన్నులు దాటినది. 2017 లో ప్రచురితమైన ఒక పరిశోధన ప్రకారము, 2015 నాటికి లోకములో తయారయిన ప్లాస్టిక్ మొత్తము 830 కోట్ల టన్నులు. అందులో చెత్తగా మారినది 630 కోట్ల టన్నులు. ఆ చెత్తలో నూటికి తొమ్మిది పాళ్ళు మాత్రమే మరల వాడుకకు వచ్చినది, పన్నెండు పాళ్ళు కాలిపోయినది. మిగిలినదంతా నేల మీదనో, నీటిలోనో ఉన్నది. ఎండకు పెళుసై, చిన్న తునకలై, కంటికి కనిపించని రేణువులై ఉన్నది. 2022 లో నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు మనుష్యుల రక్తములో కూడ ఆ రేణువులను కనుగొన్నారు. ముసలమ్మ గేదె కడుపులో చేరినది మనకూ చేరుతున్నదన్నమాట. తేడా పరిమాణములోనే ఉన్నది.

గేదె ఎందుకు సంచిని మింగుతుంది అని కొందరు అడుగుతారు. నెమరువేసే పశువు మేతను నమలి మింగదు. ముందు గబగబ మింగి, తీరికగా నెమరు వేస్తుంది. మనము మిగిలిన అన్నమును, కూరగాయల తొక్కలను సంచిలో పోసి, మూతి ముడివేసి విసురుతాము. ఆ ముడి విప్పుటకు పశువుకు చేతులు లేవు. వాసన పట్టి సంచితో సహా మింగుతుంది. అన్నము అరుగుతుంది, సంచి అరగదు. అది ముందుకు పోదు, వెనుకకు రాదు. ఒకటి మీద ఒకటి చేరి, చివరకు గడ్డికి చోటు ఉండదు. నిండిన కడుపుతో ఆకలిచావు అది.

ప్రభుత్వము చట్టాలు చేయలేదా అంటే, చేసినది. 2016 లో ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు వచ్చినవి. సంచి మందము 2021 సెప్టెంబరు 30 నుండి 75 మైక్రాన్లకు, 2022 డిసెంబరు 31 నుండి 120 మైక్రాన్లకు తగ్గరాదని నిర్ణయించినారు. మిల్లీమీటరులో వెయ్యవ వంతు ఒక మైక్రాన్. ఈ మందపు లెక్క ఎందుకు? పలుచని సంచి గాలికి ఎగురుతుంది. దానిని ఏరితే తూకము రాదు కాబట్టి చెత్త ఏరుకొనే పేదవాడు దానిని ముట్టడు. మందమైన సంచికి వెల ఉంటుంది, వెల ఉన్న వస్తువును ఎవరో ఒకరు ఏరుతారు. 2022 జులై 1 నుండి ప్లాస్టిక్ పళ్ళెములు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు మొదలైన ఒకసారి వాడి పారవేసే వస్తువులు కొన్నింటిని దేశమంతటా నిషేధించినారు. చట్టము కాగితము మీద గట్టిగానే ఉన్నది. అంగడిలో మనము చేయి చాపినంత కాలము అది కాగితము మీదనే ఉంటుంది.

ఇక రాబోయే కాలము మాట. శాస్త్రజ్ఞులు పలు మార్గాలలో ప్రయత్నిస్తున్నారు.

మొదటి మార్గము మట్టిలో కలిసే ప్లాస్టిక్ తయారుచేయుట. మొక్కజొన్న మొదలైన వాటి పిండి నుండి ఇటువంటి పదార్థాలు వస్తున్నవి. తిరుమలలో లడ్డూ ప్రసాదము తీసుకొనిపోవుటకు హైదరాబాదులోని రక్షణ పరిశోధన సంస్థవారు రూపొందించిన సంచులను 2021 లో ప్రవేశపెట్టినారు. క్షిపణులు చేసే చోట ప్రసాదపు సంచి పుట్టుట సంతోషకరమైన విషయమే. కాని ఒక హెచ్చరిక ఉన్నది. మట్టిలో కలుస్తుందని చెప్పే పదార్థాలలో కొన్ని, ప్రత్యేకమైన ఎరువుల కేంద్రములోని వేడిలోనే త్వరగా కలుస్తవి. చెరువు గట్టున పారవేస్తే చాలకాలము అట్లే పడి ఉంటవి. పేరు చూచి పారవేయుటకు అనుమతి దొరికినదని అనుకోరాదు.

రెండవ మార్గము, ఉన్న ప్లాస్టిక్‌ను వేరొక పనికి వాడుట. మదురైలో ఆచార్య రాజగోపాలన్ వాసుదేవన్ ప్లాస్టిక్ తునకలను వేడి కంకర మీద కరిగించి, ఆ కంకరకు తారు కలిపి రోడ్డు వేసే పద్ధతి కనుగొన్నారు. 2018 లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది. వెల లేని సంచులకు కూడ దీని వలన ఒక ఉపయోగము ఏర్పడినది.

మూడవ మార్గము, ప్లాస్టిక్‌ను తినే జీవులను ఆశ్రయించుట. 2016 లో జపాను శాస్త్రజ్ఞులు సకాయి పట్టణములో సీసాల వ్యర్థాల చెంత నుండి ఒక సూక్ష్మజీవిని పట్టినారు. నీళ్ళ సీసా చేసే ప్లాస్టిక్‌ను అది మెల్లగా తిని బ్రతుకుతుంది. దానిలోని కిణ్వకమును మెరుగుపరచి, ఆ పొడవైన దండను మరల విడి పూలుగా విడదీయుటకు పరిశోధనలు సాగుతున్నవి. అది సాధ్యమైతే పాత సీసా నుండి కొత్త సీసా నాణ్యము తగ్గకుండా పుడుతుంది. అయితే మన గేదెను చంపిన పాలిథీన్‌కు ఆ జీవి పనికిరాదు. ఒక్కొక్క జాతి ప్లాస్టిక్‌కు ఒక్కొక్క విరుగుడు కావాలి.

ప్రపంచ దేశాలు కలిసి ఒక ఒడంబడిక చేసుకోవాలని 2022 మార్చిలో నైరోబీలో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సభ తీర్మానించినది. 2024 లో బూసాన్‌లో, 2025 ఆగస్టులో జెనీవాలో జరిగిన చర్చలు ఏకాభిప్రాయము లేకుండానే ముగిసినవి. ఉత్పత్తినే తగ్గించాలని కొన్ని దేశాలు, చెత్తను సర్దితే చాలునని కొన్ని దేశాలు పట్టుపట్టినవి.

దేశాలు తేల్చుకొనే వరకు మనము చేతులు ముడుచుకొని కూర్చోవలెనా? ప్లాస్టిక్‌ను ఇంటి నుండి వెళ్ళగొట్టుమని నేను చెప్పుట లేదు. సూదిమందు పిచికారీని, పొలములోని నీటి గొట్టమును, మా అమ్మ ఎర్ర బకెట్‌ను వద్దనుట తెలివి కాదు. ఆ బకెట్ మా ఇంట్లో పదునాలుగు సంవత్సరాలు ఉన్నది. అడుగు చిల్లి పడితే తులసి మొక్కకు కుండీ అయినది. అది చెడ్డ వస్తువు కాదు. పది నిముషాల పనికి వందల సంవత్సరాలు నిలిచే పదార్థమును వాడుటలోనే తప్పు ఉన్నది. అంగడి నుండి ఇంటికి పెరుగు తెచ్చుటకు పట్టే సమయము పది నిముషాలు. ఆ పెరుగు సంచి మన మనుమల మనుమల కాలము దాకా ఉంటుంది.

వస్తువును తిరిగి ఇచ్చే అలవాటు మనకు కొత్త కాదు. గోలీసోడా త్రాగి సీసాను అక్కడే ఇచ్చి రావటము నేర్చినవాళ్ళము మనము. సీసా ఇంటికి తీసుకొనిపోవాలంటే డబ్బు కట్టి, తిరిగి ఇచ్చి ఆ డబ్బు తీసుకొనేవాళ్ళము. నేడు కొన్ని దేశాలలో ప్లాస్టిక్ సీసాలకు ఇదే పద్ధతి పెట్టి గొప్ప ఫలితాలు పొందుతున్నారు. నూనెకు గిన్నె, పాలకు చెంబు, కూరలకు గుడ్డసంచి తీసుకొనిపోయిన తరము ఇంకా మన ఇండ్లలోనే ఉన్నది. వారిని అడిగితే ఆ విద్య చెబుతారు. తడి చెత్తను వేరుగా, పొడి చెత్తను వేరుగా ఉంచితే ఏరుకొనేవాని చేతికి శుభ్రమైన సరకు అందుతుంది, పశువు నోటికి సంచి అందదు. ఇవి పెద్ద పనులు కావు. ప్రతి దినము చేయవలసిన చిన్న పనులు కాబట్టే కష్టముగా తోస్తవి.

ఆనాడు శామీర్‌పేట కట్ట మీద కంకులు తిన్న తరువాత, ఆకులను, బెండ్లను ఏమి చేయాలని మా అమ్మాయి అడిగినది. ముసలమ్మ తన గంప చూపించినది. "ఇండ్ల వెయ్యి బిడ్డా, మా పక్కింటి బర్రెకు పెడత" అన్నది. తన గేదె పోయినా, పొరుగువారి గేదెకు మేత పోగుచేస్తున్నది ఆ తల్లి. మా కారులోని నాలుగు సంచులను మడిచి తిరిగి ఇంటికి తెచ్చుకొన్నాము. ఆ నాలుగింటి వలన జవహర్‌నగర్ కొండ తరుగుతుందని నేను అనుకోను. కాని ఆ కొండ నాలుగేసి సంచులతోనే పెరిగినది. ఒక గేదె కడుపు కూడ అట్లే నిండినది.

శ్రోతలారా, ఈ మారు మీరు ఏ చెరువు గట్టుకు పోయినా, తీసుకొనిపోయిన ప్రతి సంచిని లెక్కపెట్టి తిరిగి తెచ్చుకొనండి.